పెరట్లో చిన్న రైలు మార్గం వేసుకోవడం ఎలా?

పెరట్లో బొమ్మ రైలు నడపాలన్న కోరిక పుట్టగానే చాలామంది ముందు ఇంజిన్ కొంటారు. నిజానికి దాన్ని అన్నిటికంటే చివర్లో కొన్నా నష్టం లేదు. బయట వేసిన పట్టాలు పదేళ్లు నిలుస్తాయా, మొదటి వానాకాలానికే కుంగిపోతాయా అన్నది వాటి కింద ఉన్న నేలే తేలుస్తుంది. అందుకే ఇక్కడ ఇంజిన్ల ముచ్చట తక్కువ. తవ్వకం, కంకర, నీటి వాటం సంగతులు ఎక్కువ.

ముందు సైజు తేల్చుకోండి

గదిలో టేబుల్ మీద నడిచే హెచ్‌ఓ రైలు పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మాత్రమే. బయట దానికి ఒక్క వేపపుల్ల అడ్డం పడినా బోల్తా కొడుతుంది. పెరటికి సరిపోయేది 45 మి.మీ. గేజ్. జర్మనీకి చెందిన లేమాన్ కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో ఈ సైజు రైళ్లను, ఎండావానలకు తట్టుకునే పట్టాలను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడా బ్రాండు మార్క్‌లిన్ చేతిలో ఉంది. ఇతర కంపెనీలు కూడా అదే గేజ్‌లో చేస్తున్నాయి కాబట్టి ఒకరి పట్టాల మీద ఇంకొకరి ఇంజిన్ నడుస్తుంది.

ఎల్‌జీబీ రైళ్లు ఎక్కువగా 1:22.5 నిష్పత్తిలో, అంటే అసలు రైలు కొలతలో ఇరవై రెండున్నరో వంతులో ఉంటాయి. ఆ లెక్కన 45 మి.మీ. అంటే మీటరు గేజ్. గుంటూరు–గుంతకల్లు లైనులో మీటరు గేజ్ రైలు ఎక్కినవాళ్లకు ఈ సైజు ఇట్టే నచ్చుతుంది. మన బ్రాడ్‌గేజ్ (1676 మి.మీ.) ఇదే పట్టాల మీదికి రావాలంటే నిష్పత్తి 1:37 దగ్గర పడుతుంది. ఆ కొలతకు తయారై వచ్చే బండ్లు దొరకవు, సొంతంగా చేసుకోవాల్సిందే. 1:29, 1:32 నిష్పత్తుల బండ్లు కూడా 45 మి.మీ. పట్టాల మీదే నడుస్తాయి. కానీ వాటిని 1:22.5 బండ్ల పక్కన పెడితే ఒకటి పెద్దన్న, ఇంకోటి చంటిబిడ్డ. కాబట్టి ఒక నిష్పత్తిని ఎంచుకుని దానికే కట్టుబడండి. మన దగ్గర దొరికేది ఎక్కువగా దిగుమతి సరుకే. కొత్త ఇంజిన్ ధర యూరోల్లోనే వందల్లో ఉంటుంది, దానిమీద సుంకం అదనం. సెకండ్ హ్యాండ్ సరుకు కొనడం ఏమీ నామోషీ కాదు.

ఒక వానాకాలం ఊరికే చూడండి

స్థలం అనుకున్నాక వెంటనే గుణపం పట్టకండి. జోరువాన పడ్డప్పుడు గొడుగు వేసుకుని పెరట్లో నిలబడి, నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. మిద్దె మీది నీళ్లు పడే గొట్టం కింద పట్టాలు వేస్తే కంకర ఒక్క పూటలో కొట్టుకుపోతుంది. కోస్తావాళ్లు అక్టోబరు, నవంబరు నెలల తుఫాను వానల్ని కూడా చూసి నిర్ణయించుకోవడం మంచిది. అసలు తవ్వకం సంక్రాంతి దాటాక మొదలుపెడితే నేల ఆరి ఉంటుంది, ఎండ కూడా ముదరదు.

కొబ్బరిచెట్టు కిందా, మునగచెట్టు కిందా లైను వెళ్లకుండా చూసుకోండి. కొబ్బరికాయ పడితే బోగీ మిగలదు. మునగ ఆకురాలు ఎంత ఊడ్చినా తరగదు. వేప నీడ హాయిగానే ఉంటుంది గానీ పూత, పండ్లు రాలే కాలమంతా చీపురు చేతిలోనే ఉండాలి. మర్రి, రావి జాతి చెట్ల వేర్లైతే పట్టాలేం ఖర్మ, గోడనే ఎత్తేస్తాయి.

ముగ్గు పోసి చూడండి

ఇల్లు కట్టేముందు పునాదికి ముగ్గు పోసినట్టే దీనికీ పోయాలి. ఒక మేకు పాతి, తాడు కట్టి, మలుపులు గీయండి. ఎల్‌జీబీ సెట్లలో వచ్చే అతి చిన్న మలుపు వ్యాసార్ధం 60 సెం.మీ. నాలుగు చక్రాల చిన్న ఇంజిన్లు దానిమీద తిరుగుతాయి. పొడుగు బోగీలు మాత్రం తిరిగినా వికారంగా కనిపిస్తాయి, చక్రాలూ పట్టాలూ అరిగిపోతాయి. నన్నడిగితే 1.2 మీటర్ల కంటే చిన్న వ్యాసార్ధం వద్దే వద్దు. చోటుంటే రెండు మీటర్లు వేయండి.

ఒక లెక్క చూద్దాం. 1.2 మీటర్ల వ్యాసార్ధంతో రెండు అర్ధవృత్తాలు, వాటిని కలుపుతూ మూడేసి మీటర్ల తిన్నని పట్టాలు వేస్తే, అటూ ఇటూ వదిలే జాగాతో కలిపి 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు చోటు పడుతుంది. పట్టాల పొడవు పదమూడున్నర మీటర్లు వస్తుంది. మొదటిసారికి ఇది చాలు. పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు), పక్కలైన్లు తర్వాత చూసుకోవచ్చు. బయట ప్రతి పాయింటులోనూ మట్టి దూరుతుంది, చీమలు దూరుతాయి. మొదటి ఏడాది అవి లేకుండా ఒక్క చుట్టు లైను నడపడమే సుఖం.

ఎనిమిది అంకె ఆకారంలో వేసి, పైన వంతెన, కింద ఇంకో లైను పెట్టాలని అందరికీ ఉంటుంది. వాలు లెక్క చూస్తే ఆ మోజు కాస్త తగ్గుతుంది. బయటి లైనుకు మంచి వాలు నూటికి రెండు, అంటే మీటరుకు 2 సెం.మీ. కింది రైలు తగలకుండా పై పట్టా కనీసం 25 సెం.మీ. ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తు ఎక్కడానికే పన్నెండున్నర మీటర్లు కావాలి, దిగడానికి మళ్లీ అంతే. చిన్న పెరట్లో అంత చోటు ఉండదు. వాలును నూటికి నాలుగు చేస్తే ఇంజిన్ తన వెనక రెండు మూడు పెట్టెలకు మించి లాగలేక చక్రాలు జారిపోతాయి.

ఎడమకు తిరిగిన లైను వెంటనే కుడికి తిరగకూడదు. రెండు వంపుల మధ్య కనీసం ఒక బోగీ పొడవంత తిన్నని పట్టా ఉండాలి. లేకపోతే బోగీలను కలిపే కప్లింగులు ఒకదాన్నొకటి పక్కకు లాగి బోగీలను పడేస్తాయి.

నేల పని

ఇక్కడ ఖర్చుకూ ఓపికకూ వెనకాడకండి.

ఎర్రనేల, చలక నేల అయితే పని తేలిక. ముగ్గు గీత వెంబడి 20 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. లోతు కాలువ తవ్వండి. గరిక, తుంగ వేళ్లు కనిపించినంతవరకూ ఏరేయండి. తుంగగడ్డ ఒక్కటి మిగిలినా నెల తిరిగేసరికి స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా ఉండే పలకల) మధ్య నుంచి మొలుస్తుంది. కాలువ అడుగును దిమ్మిసతో గట్టిగా కొట్టి, ఒక వైపుకు కొద్దిగా వాటం ఇవ్వండి. దానిమీద నీళ్లు ఇంకే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. ప్లాస్టిక్ షీటు వేయకండి, దానిమీద నీళ్లు నిలిచి పట్టాలు తేలుతాయి.

కాలువ నింపడానికి క్వారీ డస్టూ (రాతిపొడి), 6 మి.మీ. చిప్సూ కలిపిన మిశ్రమం వాడండి. ఈ రాతిముక్కలకు పదునైన అంచులుంటాయి, దిమ్మిస దెబ్బకు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. నున్నటి ఏటి గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ అడుగు వేస్తే జారిపోతాయి. ఇసుక వానకు కొట్టుకుపోతుంది, గాలికి లేచి ఇంజిన్ గేర్లలో దూరుతుంది. పైన చెప్పిన లైనుకు సుమారు 15 ఘనపుటడుగుల రాతిమిశ్రమం పడుతుంది. క్వారీవాళ్లు వంద ఘనపుటడుగుల యూనిట్ లెక్కన అమ్ముతారు కాబట్టి దగ్గర్లో ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి బస్తాల్లో తెచ్చుకోవడం మేలు. ఐదేసి సెం.మీ. పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, మళ్లీ పోయాలి. మొత్తం ఒకేసారి పోసి పైపైన కొడితే అడుగున గుల్లగా ఉండిపోతుంది.

నల్లరేగడి అయితే కథ వేరు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. దానిమీద తిన్నగా పరిచిన పట్టాలు ఏడాదికోసారి అలల్లా లేచి పడతాయి. రెండు దారులున్నాయి. ఒకటి, రెండడుగుల దాకా నల్లమట్టి తీసేసి మొరం నింపి, దానిమీద పైన చెప్పిన పని చేయడం. రెండోది, నేలను అలాగే వదిలేసి లైనును స్తంభాల మీద ఎత్తడం. మీటరుకొకటి చొప్పున సిమెంటు నింపిన పీవీసీ గొట్టాలు లోతుగా పాతి, వాటిమీద కుళ్లని ప్లాస్టిక్ పలకలను రెండు వరుసలుగా బిగించి, నిచ్చెనలాంటి చట్రం చేసుకోవాలి. ఏదైనా గొట్టం కుంగితే ఆ ఒక్కచోట ప్యాకింగు పెట్టి సరిచేసుకోవచ్చు. చెక్క మాత్రం వాడకండి, మన దగ్గర చెదలు ఊరుకోవు.

నడుము వంచలేనివాళ్లకూ, డబ్బు పెట్టగలిగినవాళ్లకూ నేను చెప్పేది తొమ్మిదంగుళాల ఇటుక గోడ. మోకాలి ఎత్తుకో, ఇంకాస్త పైకో కట్టించి దానిమీద లైను వేస్తే రైలు కళ్లకు దగ్గరగా కనిపిస్తుంది, పందికొక్కులు తవ్వే బాధ తగ్గుతుంది. తాపీమేస్త్రికి ఇది రెండుమూడు రోజుల పని. గోడకు మట్టి ఆనించి మొక్కలు పెడితే నీళ్లు బయటికి పోయేందుకు అడుగున గొట్టం ముక్కలు పెట్టించండి.

మట్టం చూడటానికి ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. మేస్త్రి దగ్గరున్న లెవెల్ ట్యూబులో నీళ్లు పోస్తే లైను మొత్తానికీ మట్టం దొరుకుతుంది. పొడవున కాస్త ఎత్తుపల్లాలున్నా రైలు సర్దుకుంటుంది. అడ్డంగా రెండు పట్టాలూ సమానంగా ఉండటం మాత్రం తప్పనిసరి. ఒక పట్టా ఉన్నట్టుండి మూడు మి.మీ. కిందికి దిగినా చక్రం తేలుతుంది. దీనికో చిట్కా: చదునైన గూడ్సు పెట్టె మీద చిన్న రసమట్టాన్ని అడ్డంగా కట్టి, చేత్తో నెమ్మదిగా లైనంతా తోయండి. బుడగ ఎక్కడ పక్కకు జరిగితే అక్కడ రాతిపొడి కుక్కండి.

అమెరికాలో, చలి దేశాల్లో ఉన్న మనవాళ్లకు నల్లరేగడి స్థానంలో మంచు ఉంటుంది. నేలలోని నీరు గడ్డకట్టి పట్టాలను పైకి నెడుతుంది. అక్కడ కూడా మందు ఇదే: నీళ్లు నిలవని కంకర, దానిలో స్వేచ్ఛగా కూర్చున్న లైను. వసంతంలో ఒకసారి మట్టం సరిచూసుకుంటే సరిపోతుంది.

నేల లేనివాళ్లు మిద్దెతోటలో కూడా వేసుకోవచ్చు. శ్లాబుకు మాత్రం మేకు కొట్టకండి, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. సిమెంటు దిమ్మెల మీద పలకలు పేర్చి లైను నడపండి. దిమ్మెలు నీటి గొట్టానికి అడ్డు రాకూడదు.

పట్టాలు పరచడం

ఇత్తడి పట్టాలు మన్నికైనవి. పైన గోధుమరంగు పొర పట్టి, పట్టాల ద్వారా ఇంజిన్‌కు ఇచ్చే కరెంటు సరిగా అందదు గానీ బ్యాటరీ రైలుకు ఆ బెంగ లేదు. ఇత్తడికి ఇంకో సమస్య కూడా ఉంది, పాతసామాన్ల దుకాణంలో కిలో లెక్కన అమ్ముడుపోతుంది. రోడ్డువైపు గోడ లేని ఇంటికి అల్యూమినియం నయం, అదీ బ్యాటరీతో నడిపేటప్పుడు. స్లీపర్ల ప్లాస్టిక్ ఎండకు తట్టుకునే రకమేనా అని అడిగి కొనండి. పిల్లల బొమ్మరైలు సెట్లలో వచ్చే పట్టాలు ఒక్క వేసవికే పెళుసెక్కి విరిగిపోతాయి.

వేడికి లోహం సాగుతుంది. పది మీటర్ల ఇత్తడి పట్టా 40 డిగ్రీల తేడాకు దాదాపు ఏడున్నర మి.మీ. పెరుగుతుంది. జనవరి ఉదయానికీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య, ఎండలో పడి ఉన్న పట్టాలో అంత తేడా సులువుగా వస్తుంది. చల్లటి పూట పరుస్తుంటే మీటరున్నర ముక్కల మధ్య ఒక మి.మీ. పైచిలుకు సందు వదలండి. మిట్టమధ్యాహ్నం పరుస్తుంటే ఆనించి పెట్టినా ఫరవాలేదు. సందు వదలకపోతే వేసవిలో లైను పాములా మెలికలు తిరుగుతుంది. అదే కారణానికి లైనును మేకులతో గట్టిగా బిగించకూడదు. అక్కడక్కడ వదులుగా ఒక స్క్రూ వేసి, మిగతాదాన్ని కంకరలో తేలనివ్వండి. స్లీపర్లు పై అంచు దాకా మునిగేలా చిప్స్ పోసి బ్రష్షుతో సర్దితే చాలు.

పట్టాలను హాక్సాతో కోయవచ్చు. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి తీరాలి, లేకపోతే చక్రం అంచు అక్కడే ఎక్కుతుంది. లైను పూర్తయ్యాక మీ దగ్గరున్న అతి పొడవైన బోగీని చేత్తో తోస్తూ ఒక చుట్టు తిప్పండి. మలుపుల్లో అది గోడకో, కుండీకో తగిలితే ఇప్పుడే తెలుస్తుంది.

కరెంటా, బ్యాటరీయా?

పట్టాల ద్వారా కరెంటు ఇచ్చే పద్ధతిలో 24 వోల్టుల లోపు డీసీ వాడతారు. అది పనిచేయాలంటే పట్టాలు ఎప్పుడూ మెరుస్తూ ఉండాలి. మన దుమ్ముకూ వానకూ రోజూ రుద్దాల్సిందే. నా ఓటు బ్యాటరీకే. నాలుగు లిథియం సెల్స్ వరుసగా కలిపితే 14.8 వోల్టులు వస్తుంది. ఇంజిన్ వెనక ఒక పెట్టెలో బ్యాటరీ, రక్షణకు బీఎంఎస్ బోర్డు, ఫ్యూజు, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ రిసీవరు పెట్టుకుంటే పట్టాలకు కరెంటుతో పనే లేదు. ఎండలో నడిపిన వెంటనే బ్యాటరీని ఛార్జింగుకు పెట్టకండి. లోపలికి తెచ్చి, చల్లారనిచ్చి, మీరు ఇంట్లో ఉన్నప్పుడే పెట్టండి.

పట్టాల కరెంటే కావాలనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి లోపలే ఉండాలి. 230 వోల్టుల వైరు పెరట్లోకి రాకూడదు. ఆ కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

నిజమైన ఆవిరితో నడిచే ఇంజిన్లు కూడా ఈ సైజులో ఉన్నాయి. చిన్న బాయిలర్, బ్యూటేన్ గ్యాస్ మంట. వాటికి బోరునీళ్లు పోస్తే బాయిలర్‌లో గార కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి. లైను మట్టంగా లేకపోతే ఆవిరి బండి దిగుడులో దూకుతుంది, ఎక్కుడులో ఆగుతుంది. ఎండుగడ్డి ఉన్న చోట, చిన్నపిల్లలు పట్టాల పక్కనే కూర్చునే చోట దాన్ని వెలిగించకండి.

ఏ బండైనా నెమ్మదిగా నడిస్తేనే అందం. గంటకు 40 కిలోమీటర్ల ప్యాసింజరు వేగం 1:22.5 నిష్పత్తిలో సెకనుకు అర మీటరే.

మొక్కలు, సొరంగాలు

రైలు పక్కన పెద్ద ఆకు మొక్క పెడితే రైలు బొమ్మలా కనిపిస్తుంది. చిన్న ఆకులున్నవి ఎంచుకోండి: కత్తిరించిన డ్యురాంటా, పొట్టి రకం నూరువరహాలు, చిన్నాకు జేడ్. నేలకు పాకే టేబుల్ రోజ్ పొలంలా కనిపిస్తుంది, నీళ్లు కూడా తక్కువ అడుగుతుంది. బోన్సాయి మర్రిని కుండీతోనే ఉంచండి, నేలలో నాటారంటే అది బోన్సాయిగా ఉండదు. నీళ్లు పోసే పైపు ధార కంకర మీద పడకుండా చూసుకోండి.

సొరంగం పొడవు మీ చెయ్యి రెండు వైపుల నుంచీ మధ్యదాకా అందేంత ఉంటే చాలు. రైలు ఆగిపోయేది ఎప్పుడూ సొరంగం నడిమధ్యనే. ఇంకా పొడవు కావాలంటే పైకప్పు ఎత్తేలా చేయించండి. రాత్రిపూట రెండు మూతులకూ జాలీ తలుపులు పెట్టండి. చల్లగా, చీకటిగా ఉన్న చోటు పాములకూ ఎలుకలకూ ఇష్టం. చెయ్యి పెట్టేముందు టార్చిలైటు వేసి చూడటం అలవాటు చేసుకోండి.

నడిపే ముందు, నడిపాక

నడిపే ప్రతిసారీ ముందు ఒక బ్రష్షు పట్టుకుని లైను వెంట నడవండి. ఆకులు, పుల్లలు, నత్తలు, కంకర ముక్కలు తీసేయండి. పాయింట్లుంటే వాటి నాలుకల మధ్య ప్రత్యేకంగా చూడండి. నడిపాక బండ్లన్నీ లోపలికి తెచ్చేయాలి. బయట ఉండాల్సింది పట్టాలు, వంతెనలు మాత్రమే. ఎండకు బోగీల రంగు వెలుస్తుంది, కోతులుండే ఊళ్లో అసలు బోగీయే ఉండదు. చక్రాల ఇరుసులకు ప్లాస్టిక్‌ను తినని నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే దుమ్ము పట్టి ముద్దకడుతుంది.

పెద్ద వాన వెలిసిన మర్నాడు రసమట్టం పెట్టెను ఒకసారి తిప్పండి. కంకర పోయిన చోట నింపండి. ఒకే చోట మళ్లీమళ్లీ పోతుంటే కంకర నింపుతూ కూర్చోకుండా, ఆ నీళ్లకు లైను కింద నుంచి ఒక గొట్టం దారి ఇవ్వండి. స్లీపర్ల మధ్య మెత్తటి మట్టి కుప్పలు కనిపిస్తే చీమలు లోపల రాతిపొడిని తోడేస్తున్నట్టే. వేడినీళ్లు పోసి, పట్టా ఎత్తి, కొత్త మిశ్రమం కుక్కండి. వేసవి మొదట్లో జాయింట్ల సందులు చూడండి. ఒకచోట పూర్తిగా మూసుకుపోయి ఇంకోచోట బాగా తెరుచుకుని ఉంటే లైను జారిందని అర్థం. కాస్త లాగి సర్దండి.

పట్టాలు తప్పుతుంటే

ముందు ఒక సంగతి గమనించండి: అన్ని బండ్లూ ఒకేచోట పడుతున్నాయా, ఒకే బండి అన్నిచోట్లా పడుతోందా? మొదటిదైతే తప్పు లైనుది. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, పట్టా స్థాయిలో కన్ను పెట్టి చూడండి. దిగిన స్లీపరో, జాయింటు దగ్గర పైకి లేచిన అంచో, పదునైన మెలికో దొరుకుతుంది. రెండోదైతే ఆ బండి చక్రాలు చూడండి. ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 40 మి.మీ. ఉండాలి, తగ్గితే పాయింట్ల దగ్గర ఎక్కేస్తుంది. అదీ సరిగ్గా ఉంటే బోగీ మరీ తేలికేమో చూడండి. ఖాళీ ప్లాస్టిక్ పెట్టె మలుపులో లోపలివైపుకు పడిపోతుంటే అడుగున కాస్త బరువు అతికించండి, ఇరుసులకు దగ్గరగా, ఎంత కిందికైతే అంత మంచిది. బరువు పెట్టాక ఇంజిన్ ఆ వాలు ఎక్కగలుగుతోందో లేదో ఒకసారి నడిపి చూసి, లేకపోతే ఒక బోగీ తగ్గించండి.